కామరూపులు: ర్యాలి మోహిని నుంచి జగన్మోహిని దయ్యం దాకా

మా కొత్తపేట ప్రాంతపు పిల్లలకు ర్యాలి వెళ్ళడం ఒక పండుగ. కాలవగట్ల వెంబడి సైకిళ్ళ మీద ఇద్దరం ముగ్గురం కలిసి పోయేవాళ్ళం. భక్తి ఎంత ఉండేదో చెప్పలేను గాని, కుతూహలం మాత్రం చాలా ఉండేది. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహాన్ని ఒకే నల్లరాతిలో చెక్కారు. ముందువైపు నాలుగు చేతుల విష్ణువు. అర్చకుడు దీపం పట్టుకుని "ఇలా రండి బాబూ" అంటూ వెనక్కి నడిపిస్తే, అదే రాతికి రెండోవైపు ఆడమనిషి: కొప్పు, వీపు, నడుము, పిక్కలు. దీపం పైనుంచి కిందికి దించుతూ ఆయన ఒక్కొక్కటే చూపించేవాడు. ఆ వెలుగులో మేము ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వేవాళ్ళం. నవ్వినందుకు పెద్దవాళ్ళు కసిరేవారు. తిరిగి వచ్చే దారిలో మాలో ఎవడైనా కాస్త నడుము ఊపుతూ నడిస్తే, "ఆడంగి వెధవా" అని ఆ పెద్దవాళ్ళే తిట్టేవారు. గుడిలో దణ్ణం పెట్టిన దానికే గట్టు మీద తిట్టు ఎందుకు పడిందో ఆ వయసులో మాకు తోచలేదు. తోచవలసిన వయసు వచ్చాక కూడా చాలాకాలం నేను ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను.

మగవాణ్ణి ప్రేమించే మగవాణ్ణి, ఆడదాన్ని ప్రేమించే ఆడదాన్ని, ఆడ మగ అనే రెండు గదుల్లో దేనిలోనూ ఇమడని మనిషిని కల్పనాసాహిత్యం తరచు రాక్షసుడిగా, పిశాచంగా, రూపాలు మార్చే మాయావిగా చిత్రించిందనే వాదం పాశ్చాత్య విమర్శలో కొన్ని దశాబ్దాలుగా వినబడుతున్నది. అటువంటి మనుషులందరికీ కలిపి 'క్వీర్' అనే మాట వాడుతున్నారు. అది కూడా ఒకప్పుడు తిట్టే. ఈ వాదం చెవిని పడగానే మనవాళ్ళ దగ్గరనుంచి రెండు రకాల జవాబులు వస్తాయి. ఇదంతా విదేశీ గోల, మనకెందుకని ఒకటి. మాకు కొత్తేమిటి, మా దేవుడే ఆడరూపం ఎత్తాడు, మా పురాణాల్లో లేనిదేమున్నదని రెండోది. మొదటి జవాబును ఖండించడానికి ర్యాలి విగ్రహం ఒక్కటి చాలు. రెండోదాన్ని ఖండించడం కష్టం, ఎందుకంటే అందులో సగం నిజం ఉన్నది. నా తగవు మిగతా సగంతో.

పాశ్చాత్యుల సంగతి ముందుగా క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. ఐర్లండు రచయిత షెరిడన్ లె ఫాను 1872లో 'కార్మిల్లా' అనే కథ రాశాడు. అందులో రక్తం తాగే పిశాచి ఒక యువతి. ఆమె ప్రేమించేదీ, రక్తం పీల్చేదీ మరొక యువతిని. ఇరవయ్యయిదేళ్ళకు, 1897లో, డబ్లిన్ వాడే అయిన బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' అచ్చు వేశాడు. దానికి రెండేళ్ళ ముందు, 1895లో, అదే డబ్లిన్‌లో పుట్టిన ఆస్కార్ వైల్డ్‌ను మగవాళ్ళతో సంబంధాలు పెట్టుకున్నందుకు లండన్ న్యాయస్థానం రెండేళ్ళ కఠినశిక్ష వేసి జైలుకు పంపింది. పగలు మర్యాదస్థుడిలా మెలగి రాత్రిపూట వేరే ఆకలితో తిరిగే ప్రభువు కథ ఆ సంవత్సరాల్లో ఇంగ్లీషు పాఠకుణ్ణి ఎందుకంత వణికించిందో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. 1928లో మరొక విచిత్రం జరిగింది. రాడ్‌క్లిఫ్ హాల్ అనే రచయిత్రి స్త్రీని ప్రేమించిన స్త్రీ జీవితాన్ని ఉన్నదున్నట్టు నవలగా రాస్తే లండన్ కోర్టు దాన్ని అశ్లీలమని నిర్ణయించి ప్రతులు నాశనం చేయమన్నది. వర్జీనియా వుల్ఫ్ అదే సంవత్సరం, శతాబ్దాల తరబడి బతుకుతూ మధ్యలో ఒకనాడు నిద్రలేచి స్త్రీగా మారిపోయిన ఓర్లాండో కథ రాస్తే అది చక్కగా అమ్ముడుపోయింది. నిజం చెబితే శిక్ష. రూపం మారిన కథగా చెబితే వినోదం. మాయారూపం ఎందుకు అవసరమైందో ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక మన అమృతమథనానికి వస్తాను. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో ఉన్న ఈ కథ వినని తెలుగువాడు లేడు. పాలసముద్రం చిలికినప్పుడు వాసుకిని ఒకవైపు దేవతలు లాగారు, రెండోవైపు రాక్షసులు లాగారు. కష్టం సమానం. అమృతం పుట్టేసరికి పంపకం మాత్రం సమానం కాలేదు. విష్ణువు మోహిని అయి వచ్చి, చూపులతో, మాటలతో రాక్షసుల్ని మరపించి, కలశమంతా దేవతల పంక్తికే వడ్డించాడు. రెక్కల కష్టానికి కూలి ఎగవేసిన తొలి భూస్వామి అని ఎవరైనా చమత్కరిస్తే నేను కాదనను. ఇక్కడిదాకా మన అభ్యుదయ విమర్శకులు ఎప్పుడో చెప్పారు. ఆ తరువాతి ముక్క మీద వాళ్ళ చూపు పడలేదు.

స్వర్భానుడనే రాక్షసుడు ఒక్కడికి ఈ మోసం అర్థమైంది. వాడు దేవతరూపం ధరించి, దేవతల పంక్తిలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కూచున్నాడు. మోహిని వాడికీ వడ్డించింది. అమృతం గొంతు దిగేలోగా పక్కనున్న సూర్యచంద్రులు సైగ చేశారు. చక్రం వచ్చింది; తల తెగింది. అమృతం తగిలిన తల చావలేదు. అదే రాహువై ఇప్పటికీ చాడీ చెప్పిన ఆ ఇద్దరినీ వెంటాడుతున్నదనీ, గ్రహణాలు అందుకే వస్తాయనీ కథ.

ఈ ఘట్టంలో ఒకే పంక్తి దగ్గర, ఒకే ఘడియలో, ఇద్దరు తమది కాని రూపంలో ఉన్నారు. వడ్డించే చేతులు మగదేవుడివి, ఆడరూపంలో ఉన్నాయి. తినే నోరు రాక్షసుడిది, దేవరూపంలో ఉన్నది. ఇద్దరూ చేసింది ఒకటే పని. ఒకరికి ర్యాలిలో గుడి కట్టాం. మరొకరి తల నరికాం. ఒకరి మార్పుకు 'లీల' అని పేరు పెట్టి, రెండోవాడి మార్పును 'మాయ' అన్నాం. సంస్కృతంలో ఈ రెండు మాటలూ విష్ణువుకు చెల్లుతాయి, రాక్షసుడికి మాత్రం రెండోదే చెల్లుతుంది. శాస్త్రచర్చ వదిలి చూస్తే, రాహువు చేసిన నేరం తన పంక్తి కాని పంక్తిలో కూచోవడం. మన డెల్టా గ్రామాల్లో పెళ్ళిభోజనాల దగ్గర ఎవరి పంక్తి ఎక్కడో తెలిసిన వాళ్ళకు దీని అర్థం విప్పి చెప్పనక్కరలేదు. 'అపాంక్తేయుడు' అనే మాట మన భాషలోకి ఊరికే రాలేదు గదా.

పురాణ కథల్లో రూపం మార్చిన వారిని వరసగా తలచుకుంటే, వాళ్ళ మీద రెండు షరతులు పనిచేస్తున్నట్టు నాకు కనిపిస్తున్నది. మార్పు ఇతరుల పని మీద జరగాలి. తన కోరిక కోసం కాకూడదు. పని అయ్యాక తన రూపానికి తిరిగి రావాలి. మారిన రూపంలో ఉండిపోకూడదు. ఈ రెండూ పాటించినవాడు పూజ్యుడు లేదా కనీసం క్షంతవ్యుడు. పాటించనివాడు పిశాచం.

కాకినాడ పక్కనున్న సర్పవరం స్థలపురాణం చూడండి. నారదుడంతటి బ్రహ్మచారి అక్కడి గుండంలో మునిగి స్త్రీగా లేచాడు. పిఠాపురపు రాజును పెళ్ళాడి అరవైమంది కొడుకుల్ని కన్నాడు. ప్రభవ, విభవ మొదలైన మన అరవై సంవత్సరాలకు ఆ కొడుకుల పేర్లేనని చెబుతారు. చివరికి మరో గుండంలో మునిగి మళ్ళీ నారదుడై వీణ పట్టుకుని వెళ్ళిపోయాడు. ప్రతి ఉగాదినాడూ పంచాంగశ్రవణంలో మనం చెప్పుకునే సంవత్సరం పేరుకు తల్లి ఒక మగముని అన్నమాట. ఇది ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. నారదుడు తిరిగి వచ్చేశాడు గనుక తోచదు. ఏటా కార్తీకం వస్తే మన ఊళ్ళలో వేలమంది మగవాళ్ళు నల్లబట్టలు కట్టి, మాల వేసుకుని, హరిహరసుతుడని అయ్యప్పను కీర్తిస్తారు. ఆ సమాసాన్ని విడదీసి చూసినవాళ్ళు వాళ్ళలో ఎంతమంది ఉంటారో!

విరాటపర్వంలో తిక్కన చిత్రించిన బృహన్నల సంగతీ అంతే. ఒక్క ఏడాది గడువు. అది తీరగానే జమ్మిచెట్టు మీది గాండీవం దిగింది. మన తెలుగువాళ్ళు అందరికంటె ఎక్కువగా ప్రేమించిన ఉదాహరణ 1957లో వచ్చిన 'మాయాబజారు'. అందులో ఘటోత్కచుడు రాక్షసుడు, పైగా మగవాడు. వాడు శశిరేఖగా మారి కౌరవుల ఇంట పెళ్ళికూతురై కూచున్నాడు. ఎవరూ లేనప్పుడు ఆ అమ్మాయి మీసం మెలేసినట్టు, గద ఎత్తినట్టు మగనడక నడుస్తుంది. పెళ్ళిపాట మధ్యలో ఆడగొంతులోంచి మగగొంతు బయటపడుతుంది. మగ రాక్షసుడు ఆడపిల్ల అయినట్టు సావిత్రి నటించిన ఆ భాగం చూసి మూడు తరాల తెలుగు కుటుంబాలు పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని నవ్వాయి. లక్ష్మణకుమారుడితో పెళ్ళిపీటల మీద జరిగే తంతును ఇంకో చిత్రంలో ఇంకోవిధంగా చూపితే ఆ కుటుంబాలే లేచి వెళ్ళిపోయేవి. ఇక్కడ నవ్వు రావడానికి కె.వి. రెడ్డి ప్రతిభ ఒక కారణం. శ్రీకృష్ణుడి పథకం ప్రకారం జరిగే పని అనీ, పెళ్ళి కాగానే ఘటోత్కచుడు తన ఆకారంతో లేస్తాడనీ మనకు ముందే తెలియడం అంతకంటె ముఖ్యమైన కారణం.

షరతులు తప్పినవాళ్ళకు ఏం జరిగిందో చెప్పడానికి శూర్పణఖ ఉన్నది. రాక్షసులకు మన ప్రాచీనులు పెట్టిన విశేషణం 'కామరూపులు'. అనుకున్న రూపం ధరించగలవారని దాని అర్థం. కామమంటే కోరిక, కోరికకూ రూపానికీ ఒకే సమాసంలో ముడిపెట్టి, ఆ సమాసాన్ని రాక్షసజాతికి అంటగట్టిన తీరు గమనించాలి. వాల్మీకిలో శూర్పణఖ తాను కామరూపిణినని స్వయంగా చెప్పుకుంటుంది. మన హరికథల్లోనూ నాటకాల్లోనూ ఆమె అందగత్తెగా మారి వస్తుంది. ఎవరి పథకమూ లేదు, ఎవరి ఆజ్ఞా లేదు. తనకు కావలసిన మనిషి కోసం తానే మారింది. ముక్కు చెవులు పోయాయి. ఓల్గా 'సమాగమం' కథలో సీతను శూర్పణఖ దగ్గరికి నడిపించి ఆ ఇద్దరి చేతా మాట్లాడించేదాకా ఆ గాయం గురించి ఆమెనే అడగాలన్న ఆలోచన మనలో చాలామందికి రాలేదు.

కోనసీమకు పైకొస ర్యాలి అయితే, సముద్రపు కొస అంతర్వేది. రాజోలు దాటి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట నరసింహస్వామి ఉన్నాడు. మనిషి కాదు, మృగం కాదు. పగలు కాదు, రాత్రి కాదు. ఇంటా కాదు, బయటా కాదు. హిరణ్యకశిపుడు రాయించుకున్న వరం రెండు గదుల లెక్క మీద కట్టిన కోట. దాన్ని బద్దలు కొట్టడానికి ఏ గదిలోనూ పట్టని రూపమే కావలసి వచ్చింది. డెల్టాకు రెండు కొసలా ఇటువంటి దేవుళ్ళు ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు, దాన్నుంచి పెద్ద సిద్ధాంతం లాగను. కాని మాఘమాసంలో కల్యాణానికి లక్షల జనం వెళ్ళి మొక్కేది అటూ ఇటూ కాని రూపానికేనని మాత్రం గుర్తుచేస్తాను.

ఇప్పుడు మా బడి సంగతి చెప్పాలి. నాకంటె ఒక తరగతి పైన ఒక కుర్రవాడు ఉండేవాడు. సన్నని గొంతు, చక్కని పద్యం. వార్షికోత్సవానికి 'మోహినీ భస్మాసుర' వేయాలని మాస్టార్లు నిర్ణయించినప్పుడు మోహిని ఎవరన్న ప్రశ్నే రాలేదు. అప్పట్లో మగపిల్లలు ఆడవేషం కట్టడం వింత కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, రోషనారగా తెలుగునాటకాన్ని ఏలి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడి భాగవతుల్లో తరతరాలుగా భామ మగవాడే. అయితే ఆ నటుల్ని పొగిడే వ్యాసాల్లో తప్పకుండా ఒక వాక్యం ఉంటుంది, చూశారా? రంగు కడిగితే ఆయన నిఖార్సయిన పురుషుడు, సంసారి, బిడ్డల తండ్రి అని. ఆ వాక్యం నా రెండో షరతుకు నకలు. రంగస్థలం మనవాళ్ళు ఇచ్చిన సెలవుచీటీ. తెల్లవారేసరికి దాన్ని తిరిగి అప్పగించాలి.

ఆ రాత్రి పందిట్లో పెట్రోమాక్స్ దీపాల కింద ఆ కుర్రవాడు సవరం కట్టి, తల్లి పట్టుచీర కట్టి నాట్యమాడితే ఊరు ఊరంతా ఈలలు వేసింది. కరణంగారు లేచి వెళ్ళి రూపాయల దండ వేశారు. మర్నాడు అతను బడికి వచ్చాడు. కళ్ళకు కాటుక అలాగే ఉన్నది. పోలేదేమో అనుకున్నాం. వారం తరువాత కూడా ఉన్నది. అప్పుడు మొదలైంది.

అది 1978. విఠలాచార్య తీసిన 'జగన్మోహిని' అదే ఏడాది వచ్చింది. నేల టిక్కెట్టు కొని అందరం చూశాం. మా ర్యాలి దేవుడి పేరే. కాని తెర మీద జగన్మోహిని దేవత కాదు, పిశాచం. అందం ధరించి మగవాణ్ణి వశపరచుకునే ఆడదయ్యం. పల్లెల్లో మోహినీపిశాచమనీ, కామినీపిశాచమనీ ఇటువంటి కథలు ఎప్పటినుంచో ఉన్నాయి, చింతచెట్ల కిందా రేవుల దగ్గరా తిరుగుతుందని. విఠలాచార్య వాటికి రంగులు వేశాడు. సినిమా చూసి వచ్చిన మర్నాటినుంచి ఆ కుర్రవాడికి బళ్ళో పేరు పోయింది. జగన్మోహిని అన్నాం. అతను వస్తుంటే దయ్యం వచ్చిందని పరుగెత్తేవాళ్ళం. కాళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయేమో చూపించమని ఒకనాడు పైజామా లాగారు. లాగినవాళ్ళలో నేను లేను. చుట్టూ నిలబడి నవ్వినవాళ్ళలో ఉన్నాను. ఒక ఉపాధ్యాయుడు అటుగా వచ్చి, చూసి, "వీడికి కాస్త బుద్ధి రానీండి" అని వెళ్ళిపోయాడు. పరీక్షల లోపే అతను ఊరు వదిలి వెళ్ళాడు. పంటు దాటి వెళ్ళాడని ఒకరు, బస్సెక్కాడని ఒకరు చెప్పుకున్నారు. వెదకడానికి వాళ్ళ నాన్న వెళ్ళలేదు.

ఒకే పేరు, నాలుగైదు మైళ్ళ లోపల, గుడిలో దైవమై సినిమా హాలులో దయ్యమై బళ్ళో తిట్టు అయింది. ఆ పేరు అతని మీద పడ్డప్పుడు, ఆ మూడింటిలో ఏది అంటుకుంటుందో నిర్ణయించే శక్తి అతని చేతిలో లేదు.

ఈ భయాన్ని పురాణాలు ఒక్కటే పెంచలేదు, చట్టం కూడా పెంచింది. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ 1533లో చేయించిన శాసనం తాలూకు వారసత్వం మనకు 1860 శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా దిగింది. 'ప్రకృతి విరుద్ధం' అన్నది దాని భాష. మన పూర్వులు కంఠస్థం చేసిన అమరకోశంలో ఇటువంటివారికి 'తృతీయా ప్రకృతి' అనే మాట ఉన్నది. గౌరవం ఎంత దక్కిందన్నది వేరే ప్రశ్న గాని, ప్రకృతి అయితే అయింది. దాన్ని ప్రకృతికి విరుద్ధం చేసింది తెల్లదొరల న్యాయశాస్త్రం. మన నైజాం కూడా వెనకబడలేదు. 1919లో, అంటే 1329 ఫసలీలో, హైదరాబాదు రాజ్యం చేసిన చట్టం ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించేవారు. ఆడబట్టలు కట్టి, నగలు పెట్టి వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మోహిని వేషానికి చక్రం బదులు పోలీసు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జూలైలో. నూటనాలుగేళ్ళు పుస్తకాల్లో ఉన్నది. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో మూడో లింగాన్ని గుర్తించింది. 2018 సెప్టెంబరు 6న పరస్పర అంగీకారంతో కలిసిన వయోజనుల విషయంలో 377వ సెక్షను చెల్లదన్నది. 2019 చట్టం ట్రాన్స్‌జెండర్‌గా గుర్తింపుకు జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రం పెట్టింది. అంటే రూపం మీద సర్కారు ముద్ర కావాలి. సూర్యచంద్రుల సైగకు ఇదొక ఆధునిక రూపమని నాకనిపిస్తే తప్పా?

పరులను తిట్టి మనవాళ్ళను వదిలేయడం విమర్శ అనిపించుకోదు. అక్టోబరు విప్లవం తరువాత 1922 రష్యా శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధం నేరాల జాబితాలోంచి పోయింది. 1934లో తిరిగి చేరింది. 1993 దాకా ఉన్నది. ఆ 1934లోనే మనందరికీ ప్రాణమైన 'అమ్మ' నవలాకారుడు గోర్కీ దాన్ని ఫాసిజంతో ముడిపెట్టి పత్రికల్లో వ్యాసం రాశాడు. గోర్కీని నేను చిన్నతనంనుంచి చదివాను, ఇప్పటికీ చదువుతాను. కాని అంత గొప్పవాడు కూడా ఆ రోజున సూర్యచంద్రుల పక్కన కూచుని సైగ చేశాడని చెప్పక తప్పదు. మన సాహిత్యసభల్లో ఈ విషయం 'బూర్జువా క్షీణత' అనే రెండు మాటలతో దశాబ్దాలపాటు ముగిసిపోయింది. గుళ్ళ మీద బూతుబొమ్మలు ఎందుకని ధైర్యంగా పుస్తకం రాసిన తాపీ ధర్మారావుగారి వారసులం, గర్భగుడిలో ఉన్న బొమ్మను అడగలేదు.

2015 గోదావరి పుష్కరాల్లో, రాజమండ్రి రేవు దగ్గర, ఒకామె నన్ను ఇంటిపేరుతో పిలిచింది. పోల్చుకోలేదు. "భస్మాసురుడికి తాళం వేసింది నువ్వే గదా" అన్నది. ఇంతవరకు అతను అని రాశాను, ఆ రోజుల్లో మేము పిలిచిన తీరు అది గనుక. ఇక ఆమె అనే రాస్తాను. పేరు రాయను. ముగ్గురు చేలాలతో కలిసి ఒక ఊళ్ళో ఇల్లు కట్టుకుని ఉంటున్నది. గట్టు మీద కూచుని చాలాసేపు మాట్లాడుకున్నాం. రాక్షసుల గురించీ మారురూపాల గురించీ నా మనసులో అప్పటికే మెదులుతున్న ఊహ ఆమెకు చెప్పాను. పంక్తిలో మారువేషంతో కూచున్న రాహువుతో ఆమెను పోల్చాను. మెచ్చుకుంటుందనుకున్నాను కాబోలు.

ఆమె నవ్వింది. "మారువేషం ఎక్కడిదయ్యా? ఆ వార్షికోత్సవం రాత్రి ఒక్కటే వేషం తీశాను. తక్కినన్నాళ్ళూ లాగూ చొక్కా వేసుకుని మీ పంక్తిలో కూచున్నాను" అన్నది.

ఆ మాటతో నా పోలిక తలకిందులైంది. రాహువు వేషం వేశాడన్నది కథ చెప్పినవాళ్ళ మాట. రాహువు చెప్పిన కథ మన దగ్గర లేదు. పిశాచాన్నీ, కామరూపినీ ఉపమానంగా వాడే విమర్శకులు, నాతో సహా, మరచిపోయే సంగతి ఒకటున్నది: రూపం మారిందని అనేది చూసేవాడు. కొందరు యువ రచయితలు ఈనాడు ఆ రాక్షస నామాన్నే కావాలని తలకెత్తుకుని, మేము శూర్పణఖలమే అంటున్నారు. వాళ్ళ తెగువను గౌరవిస్తాను. కాని ఆ బిరుదు మరొకరికి నేను ప్రసాదించడం వేరే పని. ఆ పని బళ్ళో ఒకసారి చేశాం.

అందుకే ర్యాలి విగ్రహం నాకు భాగవతం కంటె ముఖ్యంగా కనిపిస్తున్నది. స్థలపురాణం అందరూ చెప్పేదే: మోహిని వెంట శివుడు పరుగెత్తాడు, ఆమె కొప్పులోంచి పువ్వు రాలింది, శివుడు దాన్ని వాసన చూసి తలెత్తేసరికి ఎదుట విష్ణువు ఉన్నాడు. పువ్వు రాలింది గనుక ర్యాలి అయిందట. రథం శీల రాలిన చోట రాజుకు విగ్రహం దొరికింది గనుక ర్యాలి అని మరో కథ కూడా చెబుతారు. పేరుకు రెండు కథలున్నాయంటే రెంటినీ కాస్త అనుమానించాలి. కథలో మోహిని ముందు, విష్ణువు తరువాత. తిరిగి రావడం జరిగిపోయింది. సంస్కృత భాగవతం ఒక మాట ఎక్కువ చెప్పింది: ఆ పరుగు గురించి శివుడు సిగ్గుపడలేదని. రాతిలో మాత్రం ముందూ తరువాతా లేదు. శిల్పి ఎవరో తెలియదు గాని, అతను కేశవుణ్ణి చెక్కిన ఉలితోనే మోహినినీ చెక్కాడు. ఒకటి రెండోదానిలోకి తిరిగి పోనవసరం లేకుండా నిలబెట్టాడు. నా రెండో షరతు అక్కడ చెల్లలేదు. ఎదురుగా ఉన్న గుడిలో ఉమాకమండలేశ్వరుడు ఆ రెండింటినీ చూస్తూనే ఉన్నాడు, చూపు తిప్పుకోలేదు.

ఈ మాటలన్నీ రాసే ముందు ఆమెకు వినిపించి, ఒకసారి ర్యాలి వెళ్దాం రమ్మన్నాను. ముందునుంచి దణ్ణం పెట్టుకోవడానికైతే వస్తానన్నది. దీపం పట్టి జనానికి వీపు చూపించే చోటికి మాత్రం రానన్నది.